కోడలు పంపిన ఇరవై ఏడు అంశాలు

ప్రశ్న: నమస్కారం. మాది కాకినాడ. 34 ఏళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. మావారు బ్యాంకులో పనిచేశారు. మా అబ్బాయి, కోడలు నాలుగేళ్ళుగా టోక్యోలో ఉంటున్నారు. వచ్చే నెలలో మేమిద్దరం మొదటిసారి వాళ్ళ దగ్గరికి మూడు నెలలు ఉండి రావడానికి వెళ్తున్నాం. టికెట్లు తీసిన మర్నాడే మా కోడలు వాట్సాప్‌లో 27 అంశాలతో ఒక జాబితా పంపింది. రైల్లో ఫోను మాట్లాడకూడదట. ఏ రోజు చెత్త ఆ రోజే, తను చెప్పిన సంచిలోనే వేయాలట. మామగారు రాత్రిపూట బాల్కనీలో నిలబడి మాట్లాడకూడదట. పొద్దున్నే మిక్సీ వేయకూడదట. హారతి కర్పూరం తీసుకురావద్దట. గుమ్మం ముందు ముగ్గు వద్దట. బయట తినేటప్పుడు శాకాహారం విషయంలో ‘కాస్త సర్దుకోవాల’ట. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలమంది పిల్లలకు మంచీ మర్యాదా నేర్పినదాన్ని. ఎలా నడుచుకోవాలో ఈ వయసులో నాకు జాబితా రాసి పంపుతారా? పరాయి దేశం ఆచారాలను గౌరవించాల్సిందే, కాదనను. అందుకోసం మన పద్ధతులన్నీ మూటగట్టి అటక మీద పెట్టి వెళ్ళాలా? మావారైతే ప్రయాణమే మానేద్దామంటున్నారు.
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ప్రయాణం మానకండి. ఆ జాబితా మాత్రం ఇంకోసారి చదవండి. ఈసారి మీ కోడలు కూర్చున్న చోట కూర్చుని చదవండి.

కొన్నేళ్ళ క్రితం నేను మా అక్క కూతురి దగ్గర టోక్యో శివార్లలో రెండు నెలలు ఉన్నాను. నాకు ఎవరూ జాబితా పంపలేదు. పంపి ఉంటే ఎంత బాగుండేదో చెబుతాను.

నేను అక్కడ ఉండగానే వినాయక చవితి వచ్చింది. గారెలు, బూరెలు వండుకున్నాం. మర్నాడు మా అమ్మాయి లేచేలోగా పని తెమిల్చి పెడదామని, మూకుడులో మిగిలిన నూనె ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, అరటి తొక్కలతో, పాల డబ్బాలతో కలిపి ఒకే సంచిలో కట్టాను. కిందికి దిగి, అందరూ సంచులు పెట్టే మూలన, కాకులు పీకకుండా కప్పి ఉంచే వల కింద పెట్టి వచ్చాను. ఎనిమిది దాటాక బండి వచ్చింది. కిటికీలోంచి చూస్తున్నాను. అన్ని సంచులూ ఎత్తుకున్నారు, నాది వదిలేశారు. దాని మీద ఒక చీటీ అంటించి పోయారు.

ఆ సంచి రోజంతా అక్కడే ఉంది. ఆ భవనంలో ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ దాని పక్కనుంచే వెళ్ళారు. బూరెల తాలూకు పూర్ణం అంటిన కాగితాలు కనిపిస్తుంటే అది ఎవరింటిదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కింద ఇంటి పెద్దావిడ మెట్ల దగ్గర ఎదురుపడి ఎప్పటిలాగే తల వంచి నవ్వింది. పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు బట్టలతోనే ఆ సంచి పైకి మోసుకొచ్చి, వంటింటి నేల మీద పాత పత్రిక పరిచి అంతా గుమ్మరించింది. తొక్కలు ఒక పక్క, డబ్బాలు కడిగి, కత్తిరించి, ఆరబెట్టి ఒక పక్క. సీసా మూత ఒకచోటికి, పై కాగితం చించి ఇంకోచోటికి. నేను చేస్తానంటే వినలేదు. తరువాత ఒక బిస్కెట్ల పెట్టె పట్టుకొని కింద ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చింది.

“ఎవరూ ఏమీ అనలేదు కదే!” అన్నాను.

“అనరు పిన్నీ. వచ్చిన చిక్కల్లా అదే” అంది.

మీ జాబితా పుట్టింది ఈ ‘అనరు’ అన్న మాటలోంచే. మన వీధిలో పక్కింటివాళ్ళ చెత్త మన గోడ వారగా పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అయిదు నిమిషాలు గట్టిగా అనుకుంటాం, సాయంత్రానికి కూర గిన్నెలు మార్చుకుంటాం. అక్కడ ఆ అయిదు నిమిషాలు ఉండవు. ఎదుటివాళ్ళు నొచ్చుకున్నట్టు ముఖంలో కనిపించదు. మనం అంతా బాగానే ఉందనుకొని అదే పని మళ్ళీ చేస్తాం. మీరు 90 రోజులకు కాకినాడ వచ్చేస్తారు, ఆ అమ్మాయి ఆ మెట్లే ఎక్కుతూ దిగుతూ అక్కడే ఉంటుంది. మీ వీసా దరఖాస్తుకు మీ అబ్బాయి ఒక హామీ పత్రం జత చేసి ఉంటాడు, అడిగి చూడండి. మీ ఖర్చులకు, తిరుగు ప్రయాణానికి, మీరు అక్కడి చట్టాలను పాటించడానికి పూచీ తనదేనని అందులో ఉంటుంది. చట్టానికి పూచీ అబ్బాయిదైతే, ఇరుగుపొరుగుకు పూచీ కోడలిది. దానికి కాగితం లేదు కాబట్టి పాపం జాబితా రాసుకుంది.

ఆమె మీద నాకూ ఒక ఫిర్యాదు ఉందనుకోండి. 27 అంశాలు వరుసగా రాసి పంపితే ఎవరికైనా నోటీసు అందినట్టే ఉంటుంది. ఫోను చేసి, నవ్వుతూ, తను మొదట్లో చేసిన పొరపాట్లతో కలిపి చెప్పి ఉంటే మీరు కాగితం తీసి రాసుకొని ఉండేవారు. ఉద్యోగం చేసుకుంటూ అంత తీరిక దొరకలేదేమో!

మీకు కోపం తెప్పించిన వాటిలో కొన్నిటి వెనక ఉన్న సంగతి చూడండి. బాల్కనీ విషయమే తీసుకోండి. టోక్యో గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. రాత్రి భోజనం చేసి ఎనిమిదింటికి మావారికో మీ వారికో కాకినాడ నుంచి స్నేహితుడు ఫోను చేస్తే అక్కడ పదకొండున్నర. గోడలు పలచన, వీధి నిశ్శబ్దం. మగవాళ్ళు ఊరి ఫోను వస్తే ఊరికి వినబడేలా మాట్లాడతారు, మా ఇంట్లోనూ అంతే. రైల్లో ఫోను సంగతి అక్కడివాళ్ళు విదేశీయుల కోసం పెట్టింది కాదు. ఫోను మోగకుండా పెట్టుకోమని, మాట్లాడవద్దని రైల్లోనే చెబుతూ ఉంటారు. పక్కన కూర్చున్న మనిషితో మెల్లగా మాట్లాడుకోవచ్చు. ఇక వాడిన నూనె తూములో పొయ్యకూడదు. దాన్ని గడ్డకట్టించే పొడి దుకాణాల్లో దొరుకుతుంది. వేడి నూనెలో కలిపితే చల్లారాక మైసూర్‌పాక్‌లా అచ్చుగా ఊడి వస్తుంది, మండే చెత్తలో వేసేయవచ్చు. నాకు ఆ పొడి ముందే తెలిసి ఉంటే ఈ ఉత్తరానికి ఇంత పెద్ద జవాబు రాయనవసరం ఉండేది కాదు.

వీధిలో చెత్తబుట్టలు కనిపించవు. 1995 మార్చిలో టోక్యో భూగర్భ రైళ్ళలో సరిన్ విషవాయువుతో దాడి జరిగాక స్టేషన్లలో చాలావాటిని తీసేశారు. అరటిపండు తింటే తొక్క ఇంటిదాకా సంచిలోనే.

అక్కడివాళ్ళ ఓపిక ఈమధ్య కొంచెం పలచబడిందన్నది కూడా నిజం. 2024లో జపాన్‌కు 3 కోట్ల 68 లక్షల మందికి పైగా విదేశీయులు వచ్చారు. అంతకుముందు ఏ ఏడాదీ అంతమంది రాలేదు. క్యోటోలో గియోన్ అనే పేట ఉంది. అలంకరించుకొని పనికి వెళ్తున్న గెయిషాల (ఆటపాటలతో అతిథులను అలరించే సంప్రదాయ కళాకారిణుల) వెంటపడి, దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీస్తుంటే విసిగిపోయి, 2024లో అక్కడి ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులను రావద్దన్నారు. వస్తే 10,000 యెన్‌లు జరిమానా అని బోర్డు పెట్టారు. అదే ఏడాది మే నెలలో ఫుజి పర్వతం దగ్గర ఒక చిన్న ఊరిలో, ఒక దుకాణం వెనక కొండ కనిపించే చోట ఫొటోల కోసం జనం రోడ్డుకు అడ్డం పడుతుంటే, రెండున్నర మీటర్ల ఎత్తున 20 మీటర్ల పొడవున నల్లటి తెర కట్టి ఆ దృశ్యాన్నే మూసేశారు. కొండను కనిపించకుండా చేసుకోవాలనుకున్నారంటే ఎంత విసిగి ఉండాలి! అలాంటి చోట మీ కోడలు పరాయి ముఖంతో రోజూ తిరుగుతోంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మన పద్ధతులు అటక మీద పెట్టనవసరం లేదు. పైగా మీ దగ్గర ఉన్నవాటితోనే అక్కడి పద్ధతులు సగం అర్థమవుతాయి. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుమ్మం లోపల ఒక మెట్టు దిగువన చిన్న చోటు ఉంటుంది, దాన్ని గెన్కాన్ అంటారు. చెప్పులు అక్కడ విడిచి, విడిచిన కాలు మళ్ళీ ఆ నేల మీద మోపకుండా పైకి ఎక్కాలి. చెప్పుల మొనలు తలుపు వైపు తిప్పి పెట్టాలి. మడి కట్టుకున్న మా అమ్మమ్మ చూసి ఉంటే ‘ఇదీ పద్ధతంటే’ అని ఉండేది. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో గదిలోకి రావద్దు. ఈ పొరపాటు మీవారు ఒకసారైనా చేస్తారు, నేను రెండుసార్లు చేశాను.

అన్నం గిన్నెలో తినే పుల్లలు నిలువుగా గుచ్చకూడదంటారు. ఎందుకంటే అలా గుచ్చి పెట్టేది చనిపోయినవాళ్ళకు. పుల్లలతో పట్టుకున్న ముక్కను ఇంకొకరి పుల్లలకు అందించకూడదు. దహనం తరువాత బంధువులు అస్థికలను అలా పుల్లలతో అందుకొని కలశంలో ఉంచుతారు. మన ఇంట్లో ఎవరైనా తెలియక ఒంటి వత్తి దీపం వెలిగిస్తే మీ మనసు ఎలా కలుక్కుమంటుందో, అక్కడ వాళ్ళకూ అంతే. కిమోనో అద్దెకు తీసుకొని కట్టుకోవాలని మీ కోడలు సరదా పడితే, ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. కారణం తెలిశాక ఇలాంటివి జాబితా చూసి గుర్తుపెట్టుకోనవసరం ఉండదు.

పెళ్ళికి మనం నూటపదహార్లు చదివిస్తాం. వాళ్ళు 30,000 యెన్‌లు ఇస్తారు, రెండు సగాలుగా విడిపోయే సంఖ్య పెళ్ళికి మంచిది కాదని, నోట్లు కూడా కొత్తవే ఉండాలని. చావింటికి కరకరలాడే కొత్త నోట్లు తీసుకెళ్ళరు, ముందే సిద్ధం చేసుకొని కూర్చున్నట్టు ఉంటుందని. ఎంత సున్నితమైన ఆలోచన! భోజనం అయ్యాక ‘గొచిసోసమ’ అంటారు. మన పెద్దవాళ్ళు విస్తరి ముందు లేస్తూ ‘అన్నదాతా సుఖీభవ’ అనేవారు చూడండి, ఇంచుమించు అదే. ఆ ఒక్క మాట నేర్చుకొని వెళ్ళండి. జపనీస్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగు నాలుకకు ఇట్టే పలుకుతాయి. తెలుగు మాస్టారమ్మ నోట మరీ బాగుంటాయి.

శాకాహారం విషయంలో మాత్రం నేను మీ పక్షమే. సర్దుకోనవసరం లేదు. ఆచారాన్ని గౌరవించడమంటే తినకూడనిది తినడమని ఎవరూ అనలేదు. అయితే అక్కడ ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. కూరలోకి, సూపులోకి వాడే దాషి అనే రసం చాలాచోట్ల ఎండబెట్టిన చేపతో కాస్తారు. మాంసం ముక్క లేదు కాబట్టి వాళ్ళు శాకాహారమనే తెచ్చి పెడతారు, మోసం చేయాలని కాదు. ‘మేం మాంసం, చేప, గుడ్డు, చేప రసం తినం’ అని జపనీస్‌లో ఒక కాగితం మీద మీ కోడలి చేత రాయించుకొని పర్సులో పెట్టుకోండి. కూర్చోకముందే చూపించండి. వడ్డించాక వెనక్కి పంపడం అక్కడ వండినవాళ్ళకు చిన్నతనం. ముందుగా ‘మా దగ్గర లేదండీ’ అనడానికి వాళ్ళకూ వీలు ఇవ్వాలి. వీలైతే కోయాసాన్ కొండకు తీసుకెళ్ళమని అబ్బాయిని అడగండి. తొమ్మిదో శతాబ్దంలో కూకై అనే సన్యాసి అక్కడ మఠం స్థాపించాడు. అక్కడ గుళ్ళలోనే బస చేయవచ్చు. వాళ్ళు పెట్టే షోజిన్ భోజనంలో మాంసం, చేప సంగతి అలా ఉంచండి, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. తెల్లవారుజామున అగ్నిలో సమిధలు వేస్తూ మంత్రాలు చదువుతారు, దాన్ని ‘గోమ’ అంటారు. అది హోమమే.

ఇక్కడ ఒక హెచ్చరిక. టోక్యోలో అసకుస వెళ్తే సెన్సోజి గుడికి అందరూ తీసుకెళ్తారు. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో, సుమిద నది పక్కన మత్సుచియామ షోదెన్ అనే గుడి ఉంది. అందులో దేవుడు కంగితెన్. ఏనుగు తల, మన వినాయకుడే అలా వెళ్ళాడు. మూర్తిని భక్తులకు చూపించరు. ఉండ్రాళ్ళకు బదులు తెల్ల ముల్లంగి దుంప నైవేద్యం పెడతారు, గుడి గోడల మీద కూడా ముల్లంగి బొమ్మలే. వీణ లాంటి వాద్యం పట్టుకున్న బెన్‌జైతెన్ మన సరస్వతి. ఉయెనో పార్కులో చెరువు మధ్య ఆవిడ గుడి ఉంది. ఇవన్నీ చూస్తే మీకు ప్రాణం లేచి వస్తుంది. నాకూ వచ్చింది. ఆ ఊపులో పక్కన మొక్కుకుంటున్న ఒక జపాన్ ఆవిడతో మా అమ్మాయి చేత చెప్పించాను, ఈ దేవుడు మా దేశం నుంచి వచ్చినవాడేనని. ఆవిడ మర్యాదగా తల ఊపింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఎవరి కోసం మొక్కుకోవడానికి వచ్చిందో ఏమో, నా ఉపన్యాసం అయ్యేదాకా చేతిలో ముల్లంగి పట్టుకొని నిలబడే ఉంది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వెయ్యేళ్ళకు పైగా వాళ్ళ ఇంట్లో ఉన్న దేవుడి మీద మనకు పుట్టింటి హక్కు ఉండదు. చూసి మనసులో దండం పెట్టుకొని రండి. కుంకుమ రాయడం, కొబ్బరికాయ కొట్టడం లాంటివి వద్దని మీకు చెప్పనక్కర్లేదు.

జపాన్ వాళ్ళ పాత సొంత మతమైన షింతో గుడి అయితే ముందున్న తొట్టి దగ్గర గరిటెతో నీళ్ళు తీసుకొని ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలో పోసుకున్న నీళ్ళతో నోరు పుక్కిలించాలి, గరిటె నోటికి తగలకూడదు. ఎంగిలి సంగతి మనకు తెలియంది కాదు. దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకొని మళ్ళీ ఒకసారి వంగుతారు. బౌద్ధ గుళ్ళలో చప్పట్లు ఉండవు, మనలాగే చేతులు జోడించడమే.

ఇంట్లో పూజ మాట. కర్పూరాన్ని విమానంలోకే అనుమతించరు, త్వరగా అంటుకునే వస్తువు కాబట్టి. ఆ అంశం మీద మీ కోడల్ని తప్పుపట్టలేం. ఇళ్ళలో పొగకు మోగే అలారాలు ఉంటాయి, అగరువత్తులు కట్టగట్టి వెలిగిస్తే భవనమంతా ఉలిక్కిపడుతుంది. చిన్న ప్రమిదలో రెండు వత్తులు వేసి, మీరు ఎదురుగా కూర్చున్నంతసేపే వెలిగించుకోవచ్చేమో అడగండి. అద్దె ఒప్పందంలో ఏముందో వాళ్ళకు తెలుసు. తలుపు బయట ఉన్న నడవ అందరిదీ కాబట్టి ముగ్గు అక్కడ కుదరదు. గెన్కాన్ నేల మీద, తలుపు లోపల వేసుకోండి. గుమ్మాన్ని మంగళకరంగా ఉంచుకోవడం వాళ్ళకు కొత్త కాదు, కొత్త సంవత్సరానికి వాకిట్లో పైన్ చెట్టు కొమ్మలు పెట్టుకుంటారు, గడ్డి తాడు తోరణం కట్టుకుంటారు. చీర, బొట్టు, గాజులు మీవి మీరు వేసుకోండి. వాటి గురించి జాబితాలో ఏమీ లేదనుకుంటాను. ఉంటే మాత్రం ఆ ఒక్కటీ నా పేరు చెప్పి కొట్టేయండి.

మీ కోడలు తన జాబితాలో రాసిందో లేదో గానీ, మందుల విషయం అన్నిటికంటే ముఖ్యం. బీపీకీ సుగరుకూ మూడు నెలల మాత్రలు ఒకేసారి కొని పెట్టెలో పెట్టుకుంటారు మనవాళ్ళు. జపాన్‌లోకి వైద్యుడు రాసిచ్చిన మందులు నెలకు సరిపడా మాత్రమే ఊరికే తీసుకెళ్ళవచ్చు. అంతకు మించితే అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి, ‘యున్యు కకునిన్ షో’ అంటారు. మీ అబ్బాయి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయగలడు, ఈ వారమే చేయమనండి. జలుబుకు వాడే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటి ఉన్నవి చీటీ ఉన్నా సరే తీసుకెళ్ళకూడదు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు వద్దు. ఆవకాయ కోసం బెంగపడకండి, సీసా మూత మాత్రం బాగా బిగించండి.

ఈ రాత్రికి ఆ అమ్మాయికి ఫోను చేయండి. జాబితా అందిందని, చదివానని చెప్పండి. ‘సర్దుకోవడం’ అన్న మాట నొప్పించిందని కూడా చెప్పండి, దాచుకోకండి. ‘అనరు’ అన్న ఊరిలో నాలుగేళ్ళుగా బతుకుతున్న పిల్లకు ఇంట్లో ఒక మనిషి మొహం మీద మాట అనడం కాస్త హాయిగానే ఉంటుంది. ఆ తరువాత, కింద ఇంట్లో ఎవరుంటారో, ఎంతమందో అడగండి.

వెళ్ళిన మొదటి వారంలోనే కోడలితో కలిసి ఆ ఇంటికి వెళ్ళి, రెండు చేతులతో ఒక చిన్న పెట్టె ఇవ్వండి. పాదాల చప్పుడైనా, మీవారి గొంతు వినబడినా ఆ ఇంటి తలుపు అవతల మీరు అప్పటికే తెలిసిన మనిషి అయి ఉంటారు. మీది కాకినాడ కాబట్టి ఏం పట్టుకెళ్ళాలో నేను చెప్పక్కర్లేదు. లెక్క మాత్రం చూసుకోండి: నాలుగును వాళ్ళు ‘షి’ అంటారు, చావునూ ‘షి’ అనే అంటారు, అందుకని నాలుగు కాజాలు పెట్టకండి, అయిదు పెట్టండి. గొట్టం కాజా కొరకగానే పాకం గడ్డం మీదికి కారుతుందని ముందే చెప్పి ఇవ్వండి. లేకపోతే వాళ్ళు ఆ సంగతి కూడా మీతో అనరు.